ఏదీ, చూపించు

పోయిన మంగళవారం పొద్దున్న మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. కింద ఏమీ రాయలేదు, జోడించిన చేతుల బొమ్మ మాత్రం పెట్టారు. అది మా అక్కయ్యగారి రిటైర్మెంటు రోజున తీసిన ఫొటో. మెడలో దండ, భుజాన శాలువా, ముఖంలో మాత్రం 'ఇంకెంతసేపయ్యా' అన్న విసుగు. పది నిమిషాల్లో దాని కింద ముప్ఫై ఓం శాంతులు పడ్డాయి. రాత్రి నిద్రలోనే పోయిందట. నేనూ ఏదో రాద్దామని మొదలుపెట్టి, చెరిపేసి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపేశాను. రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకుంటే ఆవిడ ఎక్కడున్నా 'ఏంటి, అంతేనా?' అని అడుగుతుందని భయం. అందుకని తీరిగ్గా ఇది రాస్తున్నాను.

తెనాలిలో మాది బీమా ఆఫీసు. ఆవిడ అందులో సీనియర్ అసిస్టెంటు. రోజూ రేపల్లె నుంచి పాసింజరు బండిలో వచ్చేది. మేనేజరు మొదలు వాచ్‌మన్ దాకా అందరం అక్కయ్యగారనే పిలిచేవాళ్ళం, ఇక్కడా అలాగే పిలుస్తాను. పేరు రాస్తే ఒప్పుకునే మనిషి కాదు. ఫొటో తీస్తేనే పక్కకు తప్పుకునేది.

ఆవిడకు కౌంటరు వెనక ఒక కుర్చీ ఉండేది. అందులో ఆవిడ హ్యాండ్‌బ్యాగు కూర్చునేది, ఆవిడ నిలబడేది. కూర్చుంటే అవతలి మనిషి చేతుల్లో ఏముందో కనపడదట. కౌంటరు దగ్గరికి ఎవరొచ్చినా ఆవిడ నోటి వెంట వచ్చే మొదటి మాట ఒకటే. పొన్నూరు నుంచి వచ్చిన రైతు 'బాండు తెచ్చానమ్మా' అంటే, 'ఏదీ, చూపించండి' అనేది. మేనేజరు గారు 'ఆ ఫైలు నిన్ననే పంపించేశానండి' అంటే ఆయన్నీ అంతే, 'ఏదీ, చూపించండి'. నా పక్క సీటు రాంబాబు ఒకరోజు ఒంట్లో జ్వరంగా ఉంది, ఇంటికెళ్తానన్నాడు. 'ఏదీ, చూపించు' అని కౌంటరు దాటి వచ్చి నుదురు మీద చెయ్యి వేసింది. నిజంగానే కాలిపోతోంది. అప్పటికప్పుడు బయటికి వెళ్ళి మాత్రలూ సోడా తెచ్చి, దగ్గరుండి ఆటో ఎక్కించింది. ఆ మర్నాడు ఫోను చేసి జ్వరం తగ్గిందా అని అడిగింది. తగ్గిందని వాడు చెబితే, ధర్మామీటరు ఫొటో తీసి పంపమంది.

కొత్తగా చేరిన వాళ్ళు ఆవిడ ఎవర్నీ నమ్మదని నొచ్చుకునేవాళ్ళు. నేనూ మొదట్లో నొచ్చుకున్నాను. తరవాత నాకు అర్థమైందేమిటంటే, మనుషులు తమకు తెలియకుండానే అబద్ధం చెబుతారని ఆవిడ అభిప్రాయం. బాండు సంచిలో ఉందనుకుంటారు, ఉండదు. సంతకం పెట్టాననుకుంటారు, పెట్టరు. అందులో వాళ్ళ తప్పేం లేదు, ఒకసారి చూస్తే సరిపోయేదానికి నమ్మడమూ నమ్మకపోవడమూ ఎందుకనేది.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పాలసీ తీసుకునే వాళ్ళ చేత ఫారాలు నింపించడం నా పని. మీకు సుగరుందా, బీపీ ఉందా, ఏమైనా దాస్తున్నారా అని రోజుకు పదిమందిని అడుగుతాను. దాస్తే రేపు క్లెయిము రాదని బెదిరిస్తాను కూడా. అలాంటి నాకు సుగరుందని అప్పటికే నాలుగేళ్ళుగా తెలుసు, నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మా నాన్నకు సుగరు వచ్చాక ఇంట్లో ఆయన మాటకు విలువ పోవడం చూశాను. కాఫీలో ఒక చెంచా పంచదార కోసం మా అమ్మను చిన్నపిల్లాడిలా బతిమాలుకునేవాడు. ఆ బతుకు నాకొద్దనుకున్నాను. మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాణ్ణి, స్వీట్లు మాత్రం ఏ రోజూ మర్చిపోయేవాణ్ణి కాదు. నేనిప్పుడు చెప్పబోయే నడక సంగతి జరిగిన ఏడాది నా పాదాలు మొద్దుబారడం మొదలైంది. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. వయసు అనుకున్నాను. నలభై మూడేళ్ళకు అదేం వయసో నాకే తెలియాలి.

ఆ ఏడాది చలికాలంలో మేనేజరు గారు బాపట్లలో మీటింగుకు వెళ్ళి ఒక ఉత్సాహం వెంటబెట్టుకొచ్చారు. రేపల్లెలో ఒక ధర్మాసుపత్రి ఉంది. అక్కడ సుగరు రోగుల పాదాలకు వైద్యం చేసే విభాగం పెడుతున్నారు. దానికి విరాళాలు పోగుచెయ్యడానికి తెనాలి, బాపట్ల, రేపల్లె ఆఫీసుల వాళ్ళమంతా కలిసి ట్రెక్కింగు చెయ్యాలట.

"ట్రెక్కింగంటే కొండలెక్కాలి గదండీ," అన్నాడు రాంబాబు. "మనకి ఎత్తుగా ఉండేది రైల్వే ఫ్లైఓవరు ఒక్కటే."

"కాలవ గట్లున్నాయిగా," అంది అక్కయ్యగారు, చూస్తున్న కాయితం మీంచి తల ఎత్తకుండా. "భట్టిప్రోలులో మొదలుపెట్టి గట్ల మీదుగా రేపల్లె పోదాం. పన్నెండు కిలోమీటర్లు ఉంటదేమో. ఆసుపత్రి గేటు దాకా."

ఆవిడ అంత చొరవగా ముందుకు రావడం మేమెప్పుడూ చూడలేదు. కారణం అందరికీ తెలిసిందే. అప్పటికి మూడేళ్ళ కిందట ఆవిడ భర్తకు సుగరు వల్ల ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు. ఆ రోజు క్యారేజీ విప్పుకుంటూ తనే చెప్పింది. "మా ఆయన చక్రాల కుర్చీలో గేటు దగ్గర కూర్చుంటారంట. నేను నడిచొస్తుంటే చూడాలంట. ముప్ఫయ్యేళ్ళయింది పెళ్ళయ్యి, నన్ను చూడాలని ఆయన నోటితో అనడం ఇదే." చెబుతూ సిగ్గుపడింది. ఆవిడ సిగ్గుపడగా చూడటం నాకూ అదే మొదలు.

ఇంక మా పని అయిపోయింది. ఆదివారాలు మర్చిపోయాం. పొద్దున్నే ఆరింటికల్లా తెనాలి కాలవ గట్టు మీద ఉండాలి. ఆవిడ మొదటి బండికే దిగి, కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, బడిపిల్లలు డ్రిల్లుకు వేసుకునే నల్ల కాన్వాసు బూట్లతో అందరికంటే ముందు అక్కడ నిలబడి ఉండేది. మేజోళ్ళు తిరగేసి తొడుక్కోమనేది. కుట్టు లోపలుంటే వేళ్ళకు ఒరుసుకుంటుందట. బూటులో కాలు పెట్టే ముందు చెయ్యి పెట్టి తడిమి చూడమనేది. పోటీ పరీక్షలు రాసి ఉద్యోగాలు తెచ్చుకున్న పదహారు మందిమి గట్టు మీద వరసగా కూర్చుని బూట్లు బోర్లించి దులుపుతుంటే, దారిన పోయే పాలవాళ్ళు సైకిళ్ళు ఆపి చూసేవాళ్ళు.

నడక అయ్యాక అసలు తతంగం మొదలయ్యేది. ఆవిడ బ్యాగులోంచి బొట్టు దిద్దుకునే చిన్న అద్దం తీసి చేతులు మార్పించేది. ఎవరి అరికాళ్ళు వాళ్ళు అద్దంలో చూసుకుని, తరవాత ఆవిడకు చూపించాలి. మొదటిరోజు మేనేజరు గారు సిగ్గుతో చచ్చిపోయారు. రెండోవారానికి ఆయనే, 'అక్కయ్యగారూ, ఈ బొటనవేలు కాస్త చూడండి' అని కాలు చాపేవారు.

నేను మాత్రం దొరికేవాణ్ణి కాదు.

"ఏదీ, చూపించు."

"అపచారమండీ అక్కయ్యగారూ. పెద్దవారు మీరు, నా కాలు మీరు ముట్టుకుంటే నాకు ఆయుక్షీణం."

"ముట్టుకోన్లేవయ్యా. అద్దం నువ్వే పట్టుకో, నేను దూరంనుంచే చూస్తా."

"ఈసారి చూపిస్తానండి. ఫోనొస్తోంది."

రాని ఫోను చెవికి పెట్టుకుని గట్టు దిగి పోయేవాణ్ణి. ఒకసారి బండి టైమైపోతోందన్నాను, తెనాలిలో కాపురం ఉంటూ. ఆవిడ నావైపు చూసి ఊరుకునేది. చిన్నవాడి కాళ్ళు పెద్దవాళ్ళు తాకకూడదన్నది నేను కనిపెట్టిన సాకు కాదు, మా ఇంట్లో నిజంగానే ఉన్న పట్టింపు. అందుకే దాని వెనక దాక్కోవడం నాకు అంత సుఖంగా ఉండేది.

నడక ఇంకా రెండు వారాలుందనగా బాపట్ల ఆఫీసు వాళ్ళు సూర్యలంకకు పిలిచారు. ఇసకలో నడిస్తే పిక్కలు గట్టిపడతాయన్నారు. పొద్దున్న అలల పక్కన నడిచాం, సరుగుడు చెట్ల కింద పులిహోర తిన్నాం. తరవాత, ఎలాగూ వచ్చాం కదా అని బూట్లు చెట్ల కిందే విడిచి నీళ్ళలో దిగాం. వెనక్కి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఇసక పెనంలా ఉంది. రాంబాబు కెవ్వుమని పరుగందుకున్నాడు. మేనేజరు గారు తువ్వాలు కింద పరిచి ఒక అడుగు, మళ్ళీ లాగి పరిచి ఒక అడుగు వేస్తున్నారు. అక్కయ్యగారు చీర రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుని గెంతుతూ, నవ్వుతూ, అమ్మో అమ్మో అంటూ చెట్ల నీడకు చేరింది. ఆవిడ అలా నవ్వగా తలుచుకుంటే ఇప్పటికీ నాకు సంతోషంగా ఉంటుంది.

అందరికంటే వెనక నేను, సముద్రం వైపు చూసుకుంటూ, కూనిరాగం తీసుకుంటూ తాపీగా నడిచి వచ్చాను.

"ఓర్నాయనో, శీనుగారు నిప్పులగుండం తొక్కేట్టున్నారే!" అని రాంబాబు చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్ళూ కొట్టారు. నేను గర్వంగా నవ్వాను కూడా.

అక్కయ్యగారు చప్పట్లు కొట్టలేదు. నా ముఖం కాదు, నా పాదాలు చూస్తోంది. "ఇసక కాలట్లేదా నీకు?"

"పల్లెటూరి కాళ్ళండీ. అలవాటే."

ఏదీ చూపించు అంటుందని ఎదురుచూశాను. అనలేదు. తప్పించుకున్నానని సంబరపడ్డాను గానీ, ఇంటికెళ్ళి తలుపేసుకుని కాళ్ళు చూసుకున్నాను. ఎర్రగా ఉన్నాయి, అంతే. అప్పుడు మొదటిసారి నిజంగా భయం వేసింది. భయం వేసిన మనిషి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నేను ఆ మర్నాటి నుంచి ఇంట్లో కూడా మేజోళ్ళు వేసుకోవడం మొదలుపెట్టాను.

నడకకు ముందురోజు సాయంత్రం ఒక బూట్ల కొట్టాయన మా అందరికీ తలా ఒక జత తెల్లబూట్లు విరాళంగా ఇచ్చాడు. అవే వేసుకుని నడవాలని మేనేజరు గారి కోరిక. అక్కయ్యగారు ఒప్పుకోలేదు. "వేసుకోండి, ఫొటో దిగండి, విప్పి సంచిలో పెట్టుకోండి. నడిచేది పాతవాటితోనే. కొత్తవి కరుస్తాయి." అందరూ సరేనన్నారు, నేనూ అన్నాను.

కానీ నా పాత బూట్లు నాకు కాలికి ఉన్నట్టే ఉండేవి కావు. వదులైపోయాయనుకునేవాణ్ణి. కొత్తవాటిలో నా సైజుకు ఒక అంకె తక్కువది వేసుకుని చూస్తే, చాలా రోజుల తరవాత నా కాలికి ఏదో పట్టుకున్నట్టు తెలిసింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మొద్దుబారిన కాలికి బిగుతే హాయిగా ఉంటుందని తరవాత డాక్టరు చెబితే తెలిసింది. ఆ రోజు మాత్రం ఇంత బాగా కుదిరిన జత నా జన్మలో వేసుకోలేదనుకున్నాను. పొద్దున్న భట్టిప్రోలులో ఫొటో అయ్యాక అందరూ బూట్లు మార్చుకుంటుంటే నేను జనం వెనక్కి జరిగాను.

నడక మొదలైంది. ఒక పక్క కాలవ, ఒక పక్క కోసేసిన చేలలో మినుము. మూడు ఆఫీసుల వాళ్ళం కలిసి అరవై మందిమి ఉంటాం. ఎప్పుడూ అందరికంటే ముందు నడిచే అక్కయ్యగారు ఆ రోజు నా వెనక పడింది. నేను ఆగితే ఆగుతుంది, జోరుగా నడిస్తే జోరు పెంచుతుంది.

"ముందుకెళ్ళండి అక్కయ్యగారూ, మాస్టారు ఎదురు చూస్తుంటారు," అన్నాను. ఆవిడ భర్తను మేమంతా ఊరికే గౌరవానికి మాస్టారనేవాళ్ళం.

"గేటెక్కడికీ పోదులే, నడువు," అంది.

పల్లికోన దాటాం. రేపల్లె ఇంక నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. ముందువాళ్ళు అప్పుడే కేకలు, పాటలు. అప్పుడు వెనకనుంచి, "ఆగు," అంది అక్కయ్యగారు. ఆగాను. "కూర్చో."

"ఇంకెంత అక్కయ్యగారూ, వచ్చేశాం..."

"నీ కుడిబూటు వెనక ఎర్రగా ఉంది. కూర్చో."

వంగి చూశాను. తెల్లటి గుడ్డ మీద మడమ దగ్గర అరచేతంత మరక. నాకు నొప్పి లేదు. ఏమీ లేదు. అదెవరి కాలో అన్నట్టు చూస్తూ నిలబడిపోయాను. ఆవిడే నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, తనూ ఎదురుగా మట్టిలో కూలబడి, నా కాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

"వద్దండీ, మీరు పెద్ద..."

"నోర్ముయ్," అంది. ఆ మాట అంత మెల్లిగా అనొచ్చని నాకు తెలియదు.

లేసులు విప్పి, బూటు లాగి, మేజోడు అంగుళం అంగుళంగా ఒలిచింది. మడమ చర్మం మేజోడుతోపాటే వచ్చింది. వేళ్ళ కింద ఇంకొకటి, అది ఆనాటిది కాదు. ఎన్ని రోజులదో నాకే తెలియదు.

"ఎన్నాళ్ళైంది సుగరొచ్చి?"

"నాలుగేళ్ళు."

"ఇంట్లో?"

తల అడ్డంగా ఊపాను. నన్ను తిట్టమని మనసులో వేడుకున్నాను. తిట్టలేదు. సీసాలో నీళ్ళు పోసి కడిగి, బ్యాగులోంచి ఉతికిన జేబురుమాలు తీసి కట్టింది. ఈలోగా రాంబాబు, మేనేజరు గారు వెనక్కి పరుగెత్తుకొచ్చారు.

"ఏమైందండీ?"

"ఏం లేదు, కొత్తబూటు కరిచింది. చెప్తే వింటేగా," అంది. నా కాలు ఒళ్ళోంచి దించకుండా కొంగు కప్పింది. "మీరు పదండి, ఎండెక్కుద్ది. నేను వీణ్ణి రోడ్డెక్కించి ఆటోలో తీసుకొస్తా."

"మీరు లేకుండా ఎట్లా అక్కయ్యగారూ? అక్కడ మాస్టారు... రాంబాబుని పంపిద్దాం, మీరు రండి," అన్నారు మేనేజరు గారు.

ఆవిడ గట్టు వెంబడి రేపల్లె వైపు ఒకసారి చూసింది. నేను చూశాను ఆ చూపు. మూడు నెలలు మొదటి బండికి దిగి నడిచిన మనిషి.

"వెళ్ళండయ్యా," అంది.

ఆ ధర్మాసుపత్రి గేటుకు అడ్డంగా మా వాళ్ళ కోసం బ్యానరు కట్టారు. మా ఆటో వెనక దారిన లోపలికి పోయింది. డాక్టరు పుండు శుభ్రం చేసి, కట్టుకట్టి, "ఇంకో నాలుగు రోజులు ఇట్లాగే తిరిగుంటే మనం కాలు గురించి వేరేగా మాట్లాడుకోవాల్సి వచ్చేది," అన్నాడు. నన్ను ఒక బల్ల మీద కూర్చోబెట్టి కాలు ఎత్తుగా పెట్టారు. ఆవిడ పక్కన కూర్చుంది. అవును, కూర్చుంది.

"ఆయన మిల్లులో చేసేవారు, తెలుసుగా," అంది ఉన్నట్టుండి. "ఉడకేసిన వడ్లు చప్టా మీద ఆరబోస్తారు. ధాన్యం మీద చెప్పుల్తో నడవరు, లక్ష్మి గదా. నడెండలో ఉత్తకాళ్ళతో తిరిగారు. అరికాలు బొబ్బలెక్కి పగిలింది. ఆయనకి తెలీలా. ఆ వారంలోనే మా పెళ్ళిరోజు. తలంటుకుని, ఆయన కాళ్ళకి పసుపు రాసి దణ్ణం పెట్టుకున్నా. పాదాల మీద చేతులుంచి కళ్ళకద్దుకున్నా. పైనేనయ్యా. కాస్త ఎత్తి కిందకి చూస్తే అక్కడే ఉంది పుండు. వాసన కూడా వచ్చింది నాకు. ఉడకేసిన వడ్ల వాసనేమోలే అనుకున్నా." పక్కనున్న తన హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి తీసుకుంది. "ఆఫీసులో అందరి కాయితాలూ చూస్తా. ఇంట్లో మనిషి కాలు చూళ్ళా."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. బయట బ్యాండు మొదలైంది. చప్పట్లు, ఈలలు వినిపించాయి. మా వాళ్ళు గేటు దగ్గరికి వచ్చేశారు. అంతలో ఆవిడ ఫోను మోగింది. గేటు దగ్గర చక్రాల కుర్చీలోంచి ఆయన.

"ఆఁ... లేదండీ, అందులో లేను... వెతకబాకండి, లోపలే ఉన్నా, ఆసుపత్రిలో... నాకేం కాలా. నడవలేక కాదు. మా ఆఫీసులో అబ్బాయి. కాలు." అవతల ఆయన ఏదో అడిగాడు. ఆవిడ నా కట్టు వైపు చూసింది. "ఉందండీ, కాలుంది. ఈసారి టయానికి చూశానండీ."

ఆ తరవాత కూడా ఫోను చెవికి అలాగే ఆనించుకుని ఉంది, కళ్ళు తుడుచుకోలేదు.

నేను జేబులోంచి నా ఫోను తీసి మా ఆవిడకు చేశాను. "నాకు సుగరుంది. నాలుగేళ్ళ నుంచీ ఉంది. నీకు చెప్పలేదు," అన్నాను.

"ఎక్కడున్నారు మీరు? వస్తున్నా," అంది.